జుట్టు రంగు చూసి బిడ్డ నాది కాదనొచ్చా?

ప్రశ్న: మాది మేనరికం. మా ఆయన నా మేనమామ కొడుకే. ఇద్దరిదీ నల్లజుట్టు. రెండేళ్ల పాపది మాత్రం రాగిరంగు. ‘మా వంశంలో ఇలాంటి జుట్టు ఎవరికీ లేదు’ అని మా అత్తయ్య సాధిస్తోంది. డీఎన్‌ఏ టెస్టుకు ఒప్పుకోకపోతే విడాకులకు వెళ్తానని మా ఆయన అంటున్నాడు. ఒప్పుకోవాలా?

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ప్రతి జన్యువూ బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. నల్లజుట్టు సాధారణంగా బహిర్గత లక్షణం, అంటే ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపిస్తుంది. ఎర్రజుట్టుకు ముఖ్య కారణమైన ఎంసీ1ఆర్ జన్యువులోని మార్పు అంతర్గతం. అది పైకి కనిపించాలంటే ఇద్దరి నుంచీ రావాలి. నల్లజుట్టున్న దంపతులిద్దరిలోనూ అది దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మీ అమ్మమ్మే మీ ఆయనకు నానమ్మ కదా! ఆవిడలో దాగినది మీ ఇద్దరికీ చేరి ఉండొచ్చు. మీ అత్తగారు ఈ సంగతి ఆలోచించినట్టు లేదు. అయితే జుట్టు రంగు ఒక్క జన్యువుతో తేలదు. పోషకాహార లోపంతోనూ జుట్టు ఎర్రబడుతుంది కాబట్టి పాపను పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక చట్టం. పాత సాక్ష్య చట్టంలోని 112వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 116. వివాహం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో భర్త బిడ్డే. కాదనాలంటే, గర్భం వచ్చిన రోజుల్లో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని ఆయనే రుజువు చేయాలి. జుట్టు రంగు ఆ రుజువు కాదు. అడగ్గానే రక్తపరీక్షకు ఆదేశించకూడదని, బలవంతంగా రక్తం తీయకూడదని గౌతమ్ కుందు కేసులో 1993లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్క జాగ్రత్త. ఆయన వ్యభిచారం ఆరోపిస్తూ విడాకుల కేసు వేసి, కోర్టు టెస్టుకు ఆదేశిస్తే, మీరు నిరాకరించడాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు అది. కాబట్టి నోటీసు వస్తే ఊరుకోకుండా, గర్భం వచ్చిన ఆ నెలల్లో కలిసే ఉన్నామని కౌంటరులో, అంటే కోర్టుకిచ్చే జవాబులో రాయించండి. అద్దె కాగితాలు, ఆయన సంతకమున్న ఆస్పత్రి కాగితాలు దాచుకోండి. ఇంట్లో ఎవరో తెచ్చిన ప్రైవేటు ల్యాబు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. శీలాన్ని శంకిస్తూ వేధించడం 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది. మీ జిల్లా రక్షణాధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు.