ముందు చేతులు జేబులో పెట్టుకో

కాల్గరీ
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో "ఆలోచించి చెప్తాలేరా" అన్నాను. ఆలోచించాను. నోటితో చెప్తే సగం విని "సరే మామయ్యా" అనేస్తావని తెలుసు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. పన్నెండేళ్లప్పుడు ఇక్కడికి వచ్చినవాడివి, అయినా తెలుగు చదవడం మర్చిపోలేదని మీ అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. ఈ దెబ్బతో అదీ తేలిపోతుంది.

ఐదు సీజన్లు నువ్వు ఆడిన యూనివర్సిటీ కెనడియన్ ఫుట్‌బాల్ జట్టే క్వార్టర్‌బ్యాక్‌ల, అంటే ఆట నడిపిస్తూ బంతి విసిరేవాళ్ల, కోచ్‌కి సహాయంగా రమ్మంటోంది. ఊరి ఆ చివరున్న హైస్కూలు వాళ్లూ అడుగుతున్నారు. అక్కడ జీతం లేదు, పెట్రోలు ఖర్చూ మనదే. నీ మనసు యూనివర్సిటీ మీదే ఉందని నీ గొంతులోనే తెలిసిపోయింది. నా మాట వింటే హైస్కూలుకి వెళ్లు. ఎందుకో చెప్పాలంటే నీకు రాన్ లాంకస్టర్ కథ చెప్పాలి. మీ తరానికి ఆయన పేరు తెలిసి ఉంటుంది గానీ కథ తెలిసి ఉండదు.

నేను ఈ ఊరు వచ్చింది 1982లో. బందరులో క్రికెట్, కబడ్డీ తప్ప ఏమీ ఎరగనివాణ్ణి. టీవీలో ఈ ఆట పెడితే హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు ఒకరి మీద ఒకరు పడటమే కనిపించేది. బంతి ఎవడి దగ్గరుందో కూడా తెలిసేది కాదు. అప్పట్లో సీబీసీ టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాళ్లలో ఒకాయన గొంతు మాత్రం నాకు బాగా అర్థమయ్యేది. బంతి విసిరాక కాదు, విసరకముందే ఎటు చూడాలో చెప్పేవాడు. ఆ గొంతు లాంకస్టర్‌ది. ఆయన ఎవరో నాకు తెలియదు, ఎవరో మంచి మాస్టారు అనుకున్నాను. ఆయన ఒకప్పుడు ఈ దేశంలో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ అని స్కూల్లో తోటి టీచరు చెప్తే నమ్మలేదు.

ఆయన అమెరికా నుంచి వచ్చినవాడు, ఆరడుగులు కూడా లేడు. 1960లో ఒటావా జట్టులో చేరాడు. అక్కడ అప్పటికే రస్ జాక్సన్ ఉన్నాడు, కెనడాలో పుట్టిన క్వార్టర్‌బ్యాక్‌లలో ఇప్పటికీ మొదట చెప్పుకునే పేరు. ఒకే ఒరలో రెండు కత్తులు ఎన్నాళ్లు ఉంటాయి? 1963లో లాంకస్టర్‌ని 500 డాలర్లకి సస్కాచెవాన్‌కి అమ్మేశారు. అవును, అయిదు వందలే. (అప్పట్లో ఒటావా వాళ్లూ రఫ్ రైడర్సే, సస్కాచెవాన్ వాళ్లూ రఫ్‌రైడర్సే. పట్టుమని పది జట్లు లేని లీగులో రెండింటికి ఒకే పేరు ఏమిటో నాకు నలభై ఏళ్లుగా అర్థం కాలేదు.) అక్కడ పదహారు సీజన్లు ఆడాడు. 1966లో అదే ఒటావాని, అదే జాక్సన్‌ని ఓడించి సస్కాచెవాన్‌కి మొట్టమొదటి గ్రే కప్, అంటే లీగు ఛాంపియన్‌షిప్, తెచ్చాడు. ఆడినన్నాళ్లూ కలిపి పాస్‌లలో 50,000 గజాలు దాటించాడు. ఆ రోజుల్లో ఏ ప్లే (ఎత్తుగడ) ఆడాలో సైడ్‌లైన్ నుంచి ఎవరూ చెప్పేవాళ్లు కాదు. హడిల్‌లో, అంటే ప్లేకి ముందు ఆటగాళ్లు కూడే గుంపులో, నిలబడి తనే చెప్పేవాడు. అంటే మైదానంలో ఉన్న కోచ్ ఆయనే అన్నమాట.

ఇలాంటివాడు కోచ్ అయితే ఎలా ఉండాలి? 1978లో ఆట మానేశాడు. 1979లో అదే జట్టుకి హెడ్ కోచ్‌గా పెట్టారు. 16 ఆటల్లో 2 గెలిచారు, 14 ఓడారు. మరుసటి ఏడు కూడా సరిగ్గా అంతే, 2 గెలుపులు, 14 ఓటములు. దాంతో ఆయన పని అయిపోయింది.

అంతా ఆయన తప్పే అనను. పాతవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి జట్టు డొల్లగా ఉంది. ఆయన తర్వాత కూడా చాలా ఏళ్లు వాళ్లు ప్లేఆఫ్ మొహం చూడలేదు. కానీ నిన్నటిదాకా భుజం భుజం రాసుకుని ఆడినవాణ్ణి ఇవాళ బెంచీ మీద కూర్చోబెట్టడం, వాడితో "నీకు వయసైపోయింది" అనడం ఎవరికైనా కష్టమే. పైగా తన కంటికి తట్టేవన్నీ ఎదుటివాడి కంటికీ తడతాయనుకుంటాం. ఇది నా ఊహ, ఆయన నాతో చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి అంటున్నాను. తరగతిలో లెక్క అందరికన్నా ముందు చేసేసే పిల్లాడు పక్కవాడికి చెప్పలేడు. "ఇది ఇంతే కదా" అంటాడు. ఎక్కడ "ఇంతే" అయిందో వాడికే తెలియదు.

నువ్వు ఆ పిల్లాడివే. మొన్న మా ఇంట్లో ఆట చూస్తూ, బంతి లేవకముందే "ఎడమ పక్క ఖాళీ" అన్నావు. ఎలా తెలిసిందిరా అంటే "కనిపిస్తోందిగా మామయ్యా" అన్నావు. నాకు కనిపించలేదు. పదిహేనేళ్ల పిల్లాడికీ కనిపించదు.

లాంకస్టర్ ఆ రెండేళ్ల అవమానం తర్వాత ఏం చేశాడో చూడు. సుమారు పదేళ్లు మైక్ ముందు కూర్చున్నాడు. ఆట తెలియని నాలాంటివాళ్లకి, తనకి కనిపించేదాన్ని మాటల్లో పెట్టి చెప్పడం, అదీ రెండు ప్లేల మధ్య దొరికే కాస్త సమయంలో. ఇంతకంటే మంచి శిక్షణ ఏ కోచింగ్ కోర్సులో ఉంటుంది? 1991లో ఎడ్మంటన్ ఆయన్ని కోచ్‌గా పిలిచింది. 1993లో గ్రే కప్ గెలిచాడు. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడో తెలుసా, మన మెక్‌మహాన్ స్టేడియంలో. వారం ముందు అదే మైదానంలో, మంచులో, మన కాల్గరీ జట్టు స్టాంపీడర్స్‌ని ఇంటికి పంపి మరీ వచ్చారు. ఫైనల్‌కి టికెట్ ముందే కొని పెట్టుకున్నాను, మనవాళ్లు ఆడతారని. ఎడ్మంటన్ వాళ్ల మధ్య కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ చూశాను. కడుపు మంట చల్లారడానికి చాలా రోజులు పట్టింది.

ఆ తర్వాత హామిల్టన్. 1997లో 18 ఆటల్లో 2 గెలిచిన జట్టు అది. 1998లో ఈయన వెళ్లాక 12 గెలిచింది. 1999లో గ్రే కప్పే కొట్టింది, మళ్లీ మన మీదే. ఆ రోజు మన క్వార్టర్‌బ్యాక్ డేవ్ డికెన్సన్.

డికెన్సన్ పేరు రాగానే నువ్వేమంటావో తెలుసు. "ఆయన తను ఆడిన స్టాంపీడర్స్‌కే కోచ్ అయ్యాడు కదా, గ్రే కప్ గెలిచాడు కదా" అంటావు. నిజమే. కానీ ఎలా అయ్యాడో చూడు. 2009లో చేరినప్పుడు ఆయనకిచ్చింది క్వార్టర్‌బ్యాక్‌లని కాదు, రన్నింగ్ బ్యాక్‌లని, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లని. తనకి తెలిసిన కుర్చీ కాకుండా పక్క కుర్చీ ఇచ్చారు. పైన జాన్ హఫ్‌నగెల్ ఉన్నాడు, ఆయనా పాత క్వార్టర్‌బ్యాకే. హెడ్ కోచ్ అయ్యింది 2016లో. మధ్యలో ఏడేళ్లు. నీకు యూనివర్సిటీలో ఇస్తానంటున్నది సరిగ్గా నీ పాత కుర్చీ, నీ పక్కన కూర్చున్నవాళ్ల మీద. వచ్చే సెప్టెంబరులో నీ రూమ్మేట్ ఇంటర్‌సెప్షన్ ఇస్తే, అంటే ఎదుటి జట్టు చేతికి బంతి విసిరితే, వాడికి ఏం చెప్తావు? రాత్రి ఇంటికెళ్లి వాడితోనే పిజ్జా తినాలి.

జాక్సన్ సంగతి కూడా ఒక్క ముక్క. ఆయన ఆడుతున్న రోజుల్లోనే స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. మూడుసార్లు లీగులో అత్యుత్తమ ఆటగాడు. 1975, 76లో టొరంటోకి కోచ్‌గా వెళ్లాడు. 32 ఆటల్లో 12 గెలిచి, మళ్లీ స్కూలుకే వచ్చి ప్రిన్సిపాల్‌గా చేశాడు. అందరికీ రెండో అవకాశం రాదు, అందరికీ అక్కర్లేదు కూడా.

సరే, హైస్కూలుకి వెళ్తావనే అనుకుంటాను. మొదటి రోజే చేతులు జేబులో పెట్టుకో. చలికి కాదు. పిల్లలు "అన్నా, ఒకసారి విసిరి చూపించు" అంటారు. నీకూ చేతులు దురద పెడతాయి. ఒకసారి అరవై గజాలు విసిరావో, ఆ నెలంతా వాళ్లు నీ చెయ్యి చూస్తారు, డిఫెన్స్‌ని చూడరు.

రెండోది, నేను చేసిన పాడు పని ఒకటి చెప్తాను, ఇంతవరకు మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. మా స్కూలు జట్టుకి నేను వీడియో తీసేవాణ్ణి, లెక్కలు రాసేవాణ్ణి. గ్యాలరీ పై మెట్టు మీద కెమెరా, గ్లౌజుల్లో పెన్సిలు. కోచ్ రానిరోజు పిల్లల్ని నేనే చూసేవాణ్ణి. ఒక ఆటలో పదకొండో తరగతి కుర్రాడు ఖాళీ చోటికి బంతి విసిరాడు. అక్కడ మనవాడు లేడు, ఎదుటి జట్టువాడు పట్టుకున్నాడు. అందరి ముందూ "కళ్లున్నాయా నీకు" అని అరిచాను. రాత్రి టేపు వేసి చూస్తే తప్పు కుర్రాడిది కాదు. రిసీవర్, అంటే బంతి అందుకోవాల్సినవాడు, లోపలికి తిరగాల్సింది పోయి బయటికి తిరిగాడు. మర్నాడు క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు గానీ రెండు వారాలు నా మొహం చూడలేదు. అప్పట్నుంచి ఒకటే ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను: "ఏం చూశావు?" ఎందుకు విసిరావు అని అడిగితే వాడు సంజాయిషీ వెతుక్కుంటాడు. ఏం చూశావు అని అడిగితే నిజం చెప్తాడు. ఒక్కోసారి వాడు చూసిందే రైటవుతుంది.

ప్లేలు తక్కువ నేర్పు. నీ దగ్గరున్న ఆ లావుపాటి పుస్తకం అటక మీద పెట్టెయ్. మన ఆటలో 10 గజాలు ముందుకెళ్లడానికి మూడే డౌన్లు (అవకాశాలు), అమెరికా వాళ్లకి నాలుగు. మైదానం వెడల్పు 65 గజాలు, రిసీవర్లు స్నాప్‌కి (బంతి వెనక్కి అందించడానికి) ముందే పరుగు మీద ఉంటారు, రెండు ప్లేల మధ్య టైమూ తక్కువే. పిల్లాడి బుర్రలో అన్నీ ఒకేసారి తిరుగుతుంటాయి. మొదటి డౌన్ వృథా అయితే రెండో డౌన్‌లో టెన్షన్ వస్తుంది, ఎదుటివాడికి మన ఆట తెలిసిపోతుంది. అందుకని ప్రాక్టీసులో సగం సేపు మొదటి డౌనే ఆడించు. మిగతాది, మూడో డౌన్‌లో ఒక్క గజం కావాల్సిన సందర్భం. డిఫెన్స్ బంతికి గజం దూరంలో నిలబడాలి కాబట్టి అది దక్కాలి. ఐదేళ్లు నువ్వు మైదానంలోకి దిగింది ఎక్కువగా ఆ గజం కోసమే కదా, దాని గురించి నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ చిన్న దూరాల పనే స్టాంపీడర్స్‌లో ఆండ్రూ బక్లీ చేసేవాడు, మన కాల్గరీ కుర్రాడే, ఇక్కడి యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్. 2016 గ్రే కప్ నీకు గుర్తుండే ఉంటుంది. సీజనంతా రెండే ఓడిన జట్టు మనది. చివరి నిమిషంలో మూడు పాయింట్లు వెనక, ఒటావా గోల్ గీతకి రెండు గజాల దూరంలో బంతి. బలంగా దూసుకెళ్లే జెరోమ్ మెసమ్ ఉండగా డికెన్సన్ బక్లీని పంపి బంతి పట్టుకుని పక్కకి పరిగెత్తించాడు. ఆపేశారు. ఫీల్డ్ గోల్‌తో సమం చేసి, అదనపు సమయంలో 39-33తో ఓడిపోయాం. నేను సోఫాలోంచి లేచి టీవీని తిట్టాను. కోచ్ అయితే ఆ తిట్లు నీకే రావాలి, పిల్లాడికి పోకూడదు. స్కూలు ఆటలో తల్లిదండ్రులు గీత అవతలే నిలబడి ఉంటారు, ప్రతి మాటా వినిపిస్తుంది. "ఆ ప్లే నేను చెప్పింది" అని గట్టిగా, అందరికీ వినపడేలా అను. పిల్లాడు నువ్వు చెప్పింది కాక వేరేది ఆడినా సరే, అక్కడ అదే అను. అసలు సంగతి సోమవారం వాడితో విడిగా మాట్లాడుకో. డికెన్సన్ 2017 ఫైనల్ కూడా ఓడి 2018లో గెలిచాడు. బక్లీ ఆట మానేసి మెడిసిన్‌లో చేరాడు.

తల దెబ్బల దగ్గర మాత్రం ఎవరి మాటా వినకు, హెడ్ కోచ్ మాటైనా సరే. డికెన్సన్ ఆట ఆగిపోయింది కంకషన్ల వల్లే. అంత కచ్చితంగా విసిరే చెయ్యి ఉండి కూడా. పిల్లాడు లేచి "బానే ఉన్నాను" అంటాడు. నువ్వూ అలాగే అన్నావు, మూడో ఏడు, నాకు తెలుసు. మీ అమ్మకి చెప్పలేదు. వాడి హెల్మెట్ నువ్వు తీసుకుని చంకలో పెట్టుకో. హెల్మెట్ లేకుండా వాడు మైదానంలోకి పోలేడు.

డబ్బు విషయం. మీ అమ్మ ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసింది. "డిగ్రీ చేసి జీతం లేని పనికి పోతాడా" అంటోంది. తప్పు లేదు, తల్లి కదా. బీఎడ్‌కి అప్లై చెయ్యి. పగలు పాఠాలు, మూడున్నర తర్వాత మైదానం. నెలసరి జీతం వస్తుంటే ఓడిన రాత్రి కూడా నిద్ర పడుతుంది. ఈ సంగతి మీ అమ్మకి నేను చెప్తాను. నువ్వు చెప్తే గొడవవుతుంది.

యూనివర్సిటీ వాళ్లకి ఫోన్‌లో కాదు, స్వయంగా వెళ్లి చెప్పు. "రెండేళ్ల తర్వాత మళ్లీ అడగండి" అను. అడక్కపోవచ్చు, అదీ తెలిసే వెళ్లు.

శనివారం ఇటు రా. బేస్‌మెంట్‌లో పాత టేపులు పెట్టెడున్నాయి, నేను అరిచిన ఆ ఆటతో సహా. వీసీఆర్ పని చేస్తోందో లేదో ఈలోపు చూసి పెడతాను. ఒక్కో ప్లే దగ్గర ఆపుతాను, నీకేం కనిపించిందో మీ అత్తయ్యకి అర్థమయ్యేలా చెప్పాలి. ఆవిడకి ఈ ఆట ముక్క తెలియదు, పైగా మొహమాటం లేదు. వచ్చేటప్పుడు మీ అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి తీసుకురా, మా సీసా అయిపోయింది.

మామయ్య