‘ఐ యామ్ బోరింగ్’ అన్న పిల్లను చూసి నవ్వనియ్యకు

నల్లగొండ

బిడ్డా,

దసరా సెలవులు అయిపోంగనే దేవరకొండల తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లిష్ చెప్తవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. మస్తు సంబురమైంది. ఆ వెంటనే బుగులు కూడా పట్టింది. నీకు ఇంగ్లిష్ రాదని కాదు. నీకు సులువుగ వచ్చింది గనుక, రానోళ్లకు బండి ఎక్కడ ఆగుతదో కనబడదేమోనని.

గ్రామర్ మొత్తం ఒక్కసారి మీదేసుకోకు, విశేషణాలతోని మొదలుపెట్టు. కొన్నిటికి ఒక్క మాట చాలు. ‘పెద్ద ఇల్లు, పెద్ద ఇండ్లు’ లెక్కనే ‘బిగ్ హౌజ్, బిగ్ హౌజెస్’; విశేషణం మారదు. మన ‘వేడి వేడి చాయ్’ ఇంగ్లిష్‌ల ‘హాట్ హాట్ టీ’ కాదు. ‘ఎ’నా, ‘యాన్’నా అని తేల్చేది దాని పక్కనున్న మాట శబ్దం: ‘యాన్ యాపిల్’, కానీ ‘ఎ రెడ్ యాపిల్’. ‘టాలర్’ అన్నంక ముంగట ‘మోర్’ వద్దు. ‘సీనియర్’ వెనుక ‘దాన్’ కాదు, ‘టు’. ఇవన్నీ రెండు రోజుల పని.

నువ్వు ఆగాల్సింది మాట చివర వచ్చే ‘ఇంగ్’, ‘ఈడీ’ దగ్గర. నీ పాత తప్పు యాదికున్నదా? డిగ్రీ అయినంక రాసిన మొదటి దరఖాస్తు కాయిదంల ‘ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ టీచింగ్’ అని రాసినవు. ఆసక్తి ఉన్నదని చెప్పబోయి, నేనే ఆసక్తికరమైన మనిషినని చెప్పుకున్నవు. నీ ఒక్కదాని తప్పు కాదది. ఆరో తరగతి నుంచి మనమే ‘ఐ యామ్ ఈటింగ్, ఐ యామ్ గోయింగ్’ అని వల్లె వేయిస్తం. ‘ఐ యామ్’ అనంగనే నోరు ‘ఇంగ్’ కోసం చూస్తది. పైగా ‘నాకు బోర్ కొడుతున్నది’ అంటం. ‘తున్నది’ వినబడితే ‘ఇంగ్’ పెట్టుమని నేర్పింది కూడా మనమే. ఇగ వాళ్లు ‘ఐ యామ్ బోరింగ్’ అనక ఏమంటరు?

చానామంది ‘వస్తువులకు ఇంగ్, మనుషులకు ఈడీ’ అని చెప్తరు. అట్ల చెప్పకు బిడ్డా, మనిషి కూడా బోరింగ్ కావచ్చు. తెలుగులనే అడుగు: విసిగించేదా, విసిగినదా? విసిగించే పాఠం ‘బోరింగ్’, విసిగిన పిల్ల ‘బోర్డ్’. భయపెట్టే కుక్క ‘ఫ్రైటెనింగ్’, భయపడ్డ పిల్లగాడు ‘ఫ్రైటెన్డ్’. అలుపు తెచ్చే పని ‘టైరింగ్’, అలిసిన అమ్మ ‘టైర్డ్’. నల్లబోర్డు నడుమ గీత గీసి, ఎవరి వల్ల అయ్యిందో ఎడమ దిక్కు, ఎవరికి అయ్యిందో కుడి దిక్కు రాయి. ‘నాకు ఆసక్తి, నాకు భయం, నాకు విసుగు’ – ఈ ‘నాకు’ కనబడితే కుడి దిక్కే, ఈడీయే.

రోజుకు రెండు జతలే చెప్పు. ప్రతి జతకు పిల్లలు తమ ఇంటి సంగతే రెండు వాక్యాలు రాయాలె. చివరి ‘డ్’ మింగి ‘ఐ యామ్ బోర్’ అంటరు. అది వినబడేదాక మళ్ల అనిపించు. వెనుక వచ్చే చిన్న మాటను గూడ కలిపే నేర్పు: ఇంటరెస్టెడ్ ఇన్, బోర్డ్ విత్, టైర్డ్ ఆఫ్. విడిగ చెప్తే నిలువది.

ఒకటి గట్టిగ చెప్తున్న. ఏ పిల్ల ‘ఐ యామ్ బోరింగ్’ అన్నా క్లాసుల ఎవ్వరినీ నవ్వనియ్యకు. నువ్వసలే నవ్వకు. పదిహేనేండ్ల పిల్ల ఒక్కసారి సిగ్గుపడితే ఏడాదంత నోరు తెరువది. తెరువని నోట్ల తప్పు ఎక్కడున్నదో నీకెట్ల తెలుస్తది? నువ్వూ అసొంటిదానివే. చదువుతుంటే ఎవరన్న తప్పంటే పుస్తకం మూసి, పొయ్యికాడ మీ అమ్మ ఎనుక కూసుంటుంటివి.

‘వన్ ఆఫ్ ద టాలెస్ట్ బాయ్’ అని రాస్తే కొట్టెయ్యకు. ‘పొడుగు పిల్లల్లో ఒకడు’ అని తెలుగుల అనిపించు. పిల్లలు అక్కడనే ఉన్నరు, ‘బాయ్స్’ వాళ్లే అంటరు. ఇంకోటి పాలమూరు పిల్లలమర్రి మీద చెప్పు. ‘ద ట్రీ ఈజ్ 700 ఇయర్స్ ఓల్డ్’ అంటే ‘ఎస్’ ఉంటది. అదే ‘ఎ 700-ఇయర్-ఓల్డ్ ట్రీ’ అన్నప్పుడు ‘ఎస్’ పోతది, నడుమ అడ్డగీతలొస్తయి. ‘ఫైవ్ హండ్రెడ్ రూపీ నోట్’ల ‘రూపీస్’ లేంది గందుకే.

మొదటి వారం పిల్లలు రాసిన నోటుబుక్కులు దిద్దకుండనే పట్టుకొని ఆదివారం ఇటు రా. ఎర్ర పెన్ను సంచిలనే ఉండనియ్యి. ఇద్దరం కూసొని చూద్దాం. సర్వపిండి చేసి పెడత.

నీ పెద్దమ్మ