గైడ్ చూసి దిగాలా, చూడకుండా దూకాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పైగా రెయిడ్ల గురించే, అంటే ఆన్‌లైన్ గేముల్లో జట్టుగా కలిసి ఒక పెద్ద శత్రువుని (బాస్) ఓడించే పోరాటాల గురించే. కొత్త బాస్ దగ్గరికి గైడ్ చదివి వెళ్లాలా, ఏమీ తెలియకుండా వెళ్లి సొంతంగా కనిపెట్టాలా అన్నదే గొడవ. రాసినవాళ్లలో ఎక్కువమంది ఫైనల్ ఫాంటసీ 14 ఆడేవాళ్లు కాబట్టి ఉదాహరణలూ ఎక్కువ అక్కడివే.

మేం ఎనిమిది మందిమి. కొత్త సావేజ్ టియర్ (నాలుగు ఫ్లోర్ల కఠినమైన రెయిడ్) బ్లైండ్‌గా, అంటే గైడ్ చూడకుండా, చేద్దామని ఆరుగురు, వీడియో చూసి త్వరగా ముగిద్దామని ఇద్దరు. వారానికి రెండు రాత్రులు, మూడేసి గంటలు ఆడతాం. ఏది మేలు? (ఒక పాఠకుడు, విజయవాడ)

ముందు లెక్క వేసుకోండి. ఒక్కో పుల్ (బాస్‌తో ఒక ప్రయత్నం) సగటున 4 నిమిషాలు అనుకుందాం. గైడ్ చదివిన జట్టు వైప్ అయ్యాక (అందరూ చచ్చాక) నిమిషంన్నరలో మళ్లీ కౌంట్‌డౌన్ పెడుతుంది. బ్లైండ్ జట్టు వైప్ వైప్‌కీ 4 నిమిషాలు మాట్లాడుకుంటుంది. మీ 6 గంటల వారంలో మొదటివాళ్లకు 65 పుల్స్ పడితే రెండోవాళ్లకు 45. ఆ 45లోనూ చాలా భాగం "ఇదేంటో చూద్దాం" అంటూ పోయేవే. కాబట్టి బ్లైండ్ అంటే ఓ వారం ఆలస్యం అనుకుని దిగకండి. నాలుగో ఫ్లోర్‌కి రెండు మూడు రెట్ల సమయం పడుతుందని ముందే ఒప్పుకుని దిగండి.

ఆ ఇద్దరినీ "సర్దుకుపోండి" అని ఊరుకోబెడితే ఏమవుతుందంటే, మూడో వారానికి విసుగొచ్చి పార్టీ ఫైండర్‌లో (గేమ్‌లోనే జట్టు వెతుక్కునే చోటు) వేరే జట్టుతో క్లియర్ చేసేస్తారు. అప్పుడు నష్టం రెండు వైపులా. ఒకటి, వాళ్లకు అంతా తెలిసిపోతుంది. రెండోది లూట్, అంటే బాస్ ఓడాక దక్కే సామాను: ఆ వారం ఆ ఫ్లోర్ ముందే క్లియర్ చేసినవాళ్లు జట్టులో ఒకరు ఉన్నా రెండు పెట్టెల బదులు ఒకటే వస్తుంది. అలాంటివాళ్లు ఐదుగురు, అంతకు మించి ఉంటే అసలేమీ రాదు.

మా సలహా: మొదటి రెండు ఫ్లోర్లూ పూర్తిగా బ్లైండ్. వాటిలో మెకానిక్స్ (బాస్ చేసే దాడులు, వాటిని తప్పించుకునే పద్ధతులు) తేలిక, కనిపెట్టిన సరదా దక్కుతుంది. మూడు, నాలుగు ఫ్లోర్లకు ఒక గడువు. మూడు రాత్రులు ఒకే మెకానిక్ దగ్గర ఆగిపోతే, ఆ ఒక్క మెకానిక్ గురించి మాత్రం, ఒక్కరే చదివి వచ్చి చెప్పాలి. ఈ ఒప్పందం రాతపూర్వకంగా డిస్కార్డ్‌లో పిన్ చేయండి, నోటిమాటగా వదలొద్దు.

ఇంకో సంగతి. బ్లైండ్ అన్నది బాస్ విషయంలో. మీ జాబ్ రొటేషన్ (మీ పాత్ర దెబ్బలు వేసే వరుస), గేర్, గేమ్‌లో తినే తిండి గురించి చదవొద్దని ఎవరూ అనలేదు. 2022లో అబిస్సోస్ అనే సావేజ్ టియర్ నాలుగో ఫ్లోర్ విడుదలైన కొద్ది రోజులకే బాస్ హెచ్‌పీ (ప్రాణబలం) ఎక్కువైందని తయారీదారులే ఒప్పుకుని సుమారు 1 శాతం తగ్గించారు. ఎన్రేజ్ (గడువులోగా బాస్ చావకపోతే అందర్నీ చంపేసే దెబ్బ) లెక్క అంత బిగుతుగా ఉంటుంది. ఒక ప్లేటు తిండికి 30 నిమిషాలు, రెండోది కలిపితే 60. అది కూడా తినకుండా వచ్చి బ్లైండ్ అంటే అది బద్ధకం.

40 పుల్స్ అయ్యాయి, రెండో మెకానిక్ దగ్గరే చస్తున్నాం. వైప్ కాగానే ఎనిమిది మందీ ఒకేసారి మాట్లాడతారు. బ్లైండ్‌గా ఆడటానికి పద్ధతంటూ ఉందా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

ఉంది. వైప్ కాగానే "ఈసారి ఇలా చేద్దాం" అనే మాట నిషేధించండి. ముందు చూసింది చెప్పాలి, అదీ వరుసలో: ట్యాంకులు (బాస్ దెబ్బలు కాచేవాళ్లు), హీలర్లు (వైద్యం చేసేవాళ్లు), దగ్గర్నుంచి కొట్టేవాళ్లు, దూరం నుంచి కొట్టేవాళ్లు. మనిషికి ఒక్క వాక్యం. కాస్ట్ బార్‌లో (బాస్ వేయబోయే దెబ్బ పేరు చూపే పట్టీ) ఏ పేరు చూశాను, నా మీద ఏ గుర్తు లేదా డీబఫ్ (కీడు చేసే ప్రభావం) పడింది, దాని టైమర్ ఎంత, దేనికి చచ్చాను. అంతే.

దేనికి చచ్చామన్నది ఊహించి చెప్పేది కాదు. గేమ్‌లోనే బ్యాటిల్ లాగ్ ఉంది, పైకి జరిపితే చంపిన దెబ్బ పేరూ అంకే కనిపిస్తాయి. అంకె వరుసగా తొమ్మిదులే అయితే మెకానిక్ తప్పిందన్నమాట, హీలర్‌ని తిట్టి లాభం లేదు. అంకె మీ హెచ్‌పీ కంటే ఓ పిసరు మాత్రమే ఎక్కువైతే నిలబడ్డ చోటు బహుశా సరైనదే, మిటిగేషన్ (దెబ్బ తగ్గించే రక్షణ) చాలలేదు. ట్యాంక్ రిప్రైజల్ వేసి ఉంటే 10 శాతం తగ్గేది. ఒకే క్షణంలో రెండు దెబ్బలు పడి మొదటిదానితో వల్నరబిలిటీ డీబఫ్ (తర్వాతి దెబ్బ ఎక్కువ తగిలేలా చేసేది) అంటుకుంటే, విడివిడిగా ఉండాల్సినవాళ్లు ఒకచోట ఉన్నారని అర్థం. ఒక్కరికే కొండంత దెబ్బ పడి, ఆయన ట్యాంక్ కాకపోతే, నలుగురూ చేరి పంచుకోవాల్సిన దెబ్బ అయ్యుండొచ్చు. ఎనిమిది శవాల్లో మొదటి శవం దగ్గరే విచారణ మొదలుపెట్టండి. మిగతావి చాలావరకు దాని పర్యవసానాలే.

తర్వాత ఒక్క ఊహ ఎంచుకుని ఒక్క పుల్‌లో పరీక్షించాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు. 40 పుల్స్ వృథా కావడానికి నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే. ఏ ఊహా లేకపోతే నలుగురు గుంపుగా, నలుగురు గడియారంలో అంకెల్లా దూరదూరంగా నిలబడండి. ఏ సగం బతికిందో అదే జవాబు.

చాలా జట్లు చేసే పొరపాటు ఇంకొకటి: మెకానిక్ తప్పగానే అందరూ కావాలని చచ్చి మళ్లీ మొదలుపెట్టడం. గైడ్ జట్టుకు అది సరే. మీకు మాత్రం ముందు ఏముందో తెలియడమే లాభం. ముగ్గురు మిగిలినా సాగదీయండి. లిమిట్ బ్రేక్ (జట్టంతటికీ ఒకటే ఉండే ప్రత్యేక శక్తి) మూడు గడులూ నిండి ఉంటే హీలర్ వాడొచ్చు: పడిపోయిన అందరూ నిండు హెచ్‌పీతో లేస్తారు. క్లియర్ పుల్‌లో డీపీఎస్ (బాస్‌కి తగిలే దెబ్బ) కోసం దాచుకునే ఆ బ్రేక్‌ని బ్లైండ్‌లో ఇలా చూపు కోసం ఖర్చుపెట్టడమే తెలివి.

ఒకరు రికార్డ్ చేయండి, వీలైతే దూరంగా నిలబడే హీలర్. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 6,000 కేబీపీఎస్ పెడితే గంటకు 2.7 జీబీ, మూడు గంటల రాత్రికి 8 జీబీ చిల్లర. వీడియోలో మీ పాత్రను కాకుండా బాస్ చేతుల్ని, రెక్కల్ని చూడండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమ సగం పేలడం లాంటివి పుల్ మధ్యలో ఎవరికీ కనబడవు.

మాటలు కూడా వినండి. 2017లో వచ్చిన అన్‌ఎండింగ్ కాయిల్ ఆఫ్ బహమూట్‌లో నేల్ అనే బాస్ కవిత్వం చదివినట్టు ఒక వాక్యం అంటుంది. (పాత ఫైట్ కదా అని చెప్పేస్తున్నాం, బ్లైండ్‌గా ఆడదామనుకుంటే ఈ పేరా దాటేయండి.) అందులో చంద్రుడి మాట వస్తే బాస్ కిందికి దూరాలి. ఇనుము అంటే బాస్‌కి దూరంగా పరుగెత్తాలి. నిప్పు అంటే గుంపు కట్టాలి. వాక్యంలో ఏది ముందొస్తే అది ముందు: చంద్రుడు, తర్వాత నిప్పు అయితే లోపలికి వెళ్లి ఆపై గుంపు, నిప్పు ముందొస్తే తలకిందులు. జవాబు స్క్రీన్ మీదే రాసి ఉంది. గైడ్ చదివినవాళ్లకు ఇది బట్టీ పట్టే జాబితా, చదవనివాళ్లకు పొడుపుకథ. బ్లైండ్ మీద మాకున్న మమకారమంతా ఇలాంటి చోట్లే.

బ్లైండ్ అని ఒప్పుకున్నాక ఒకరు దొంగచాటుగా వీడియో చూస్తున్నారని అనుమానం. కాస్ట్ బార్ సగం కాకముందే సరైన చోట నిలబడతారు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, డాలస్)

నిలదీసే ముందు ఒకటి చూసుకోండి: బ్లైండ్ అంటే ఏమిటో మీరు రాసుకున్నారా? ఒకరి దృష్టిలో వీడియో చూడకపోతే చాలు, స్ట్రీమ్ పక్కన నడుస్తున్నా ఫర్లేదు. ఇంకొకరికి బాస్ పేరు వెతకడం కూడా తప్పే. వీడియో, రాసిన గైడ్, ఇతరుల లాగ్‌లు, స్ట్రీమ్‌లు, ఏం రాబోతోందో గట్టిగా అరిచి చెప్పే బయటి టూల్స్, ఒక్కొక్కదానికీ ఔను, కాదు రాసుకోండి. టూల్స్ సంగతైతే గేమ్ తయారీదారు స్క్వేర్ ఎనిక్స్ నియమాల ప్రకారమే నిషిద్ధం. 2023లో ఒమేగా ప్రోటోకాల్ అనే ఫైట్‌ని ప్రపంచంలో మొదట పూర్తిచేసిన జట్టు కెమెరాను హద్దు మించి దూరం జరిపే టూల్ వాడినట్టు వీడియో బయటపడి పెద్ద రభసే అయింది. దర్శకుడు నవోకి యోషిదా స్వయంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

చూసిన మాట నిజమే అయితే గెంటేయనక్కర్లేదు. ఆయన కాల్స్ (ఎవరెక్కడికి కదలాలో మైక్‌లో చెప్పడం) ఇవ్వకూడదు, ఊహల చర్చలో నోరు విప్పకూడదు. మొదటి జవాబులో చెప్పిన గడువు దాటినప్పుడు సూచన ఇచ్చే పని ఆయనకే అప్పగించండి.

మేం గైడ్ మొత్తం చూసే వెళ్తాం. అయినా వైప్‌లే. ఎందుకు? (ఒక పాఠకుడు, గుంటూరు)

ఎనిమిది మందీ ఎనిమిది వీడియోలు చూసి ఉంటారు. ఒకరు ఎడ్డెం అంటే ఒకరు తెడ్డెం. ఒకే మెకానిక్‌కి జపాన్, అమెరికా, యూరప్ సర్వర్లలో వేరే వేరే పద్ధతులు చెలామణీలో ఉంటాయి, నేల మీద పెట్టే గుర్తుల చోట్లు కూడా మారతాయి. లింక్ ఒకటే ఉండాలి.

రెండోది, వీడియో ఒక్కరి కళ్లతో తీసింది. మీరు హీలర్ అయి, అది ట్యాంక్ వీడియో అయితే మీరు చూసింది పక్కవాడి పాఠం. కాబట్టి మీ పాత్రకు సంబంధించింది మాత్రమే మీ చేత్తో రాసుకోండి: కాస్ట్ పేరు, నిలబడే చోటు, కదిలే క్షణం. పది నిమిషాల ఫైట్‌కి పన్నెండు వరుసలు దాటితే ఎక్కువ రాశారన్నమాట. మూడో గడి, అంటే కదిలే క్షణం, గైడ్‌లో దాదాపు ఎప్పుడూ ఉండదు. అది పుల్స్‌లోనే వస్తుంది.

పైగా చివరి దాకా చూడకండి. చేరిన చోటు నుంచి రెండు మెకానిక్‌లు ముందుకు చాలు, ఎనిమిదో నిమిషంలోది ఇవాళ చూస్తే రేపటికి మరిచిపోతారు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో బ్లైండ్ సాధ్యమేనా? (ఒక పాఠకుడు, సింగపూర్)

సగమే. 2011 నుంచీ గేమ్‌లోనే ఉన్న జర్నల్ బాస్ చేసే ప్రతి పనినీ వివరిస్తుంది. అది తెరవకపోయినా డెడ్లీ బాస్ మోడ్స్, బిగ్‌విగ్స్ లాంటి యాడాన్‌లు (గేమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) టైమర్ చూపించేస్తాయి. పైగా చాలా బాస్‌లు ముందే టెస్ట్ సర్వర్‌లో అందరూ ఆడేసినవి. జర్నల్ మూసి, యాడాన్ ఆపి, నార్మల్‌లో మొదలుపెడితే రెండు మూడు వారాలు బాగుంటుంది. 20 మందితో మిథిక్ (అన్నిటికంటే కఠినమైన స్థాయి) బ్లైండ్‌గా అంటే మాత్రం మేం వద్దనే అంటాం. అంతమందిని ఆ నియమం మీద నిలబెట్టడం బాస్ కంటే కష్టం.

మైక్‌లో తెలుగులోనే కాల్స్ ఇస్తాం. గందరగోళం అవుతోంది. ఇంగ్లిష్‌కి మారాలా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

భాష మార్చక్కర్లేదు, మాటలు మార్చండి. "దగ్గర", "దూరం" రెండూ ద తోనే మొదలవుతాయి, మైక్‌లో మొదటి అక్షరమే వినబడి సగం మంది ఇటు, సగం అటు పోతారు. వాటి బదులు "లోపలికి", "బయటికి" అనండి. నేల మీది గుర్తుల్లో బీ, సీ, డీ మూడూ ఒకేలా మోగుతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు మాత్రం ఒకదానికొకటి పోలిక లేనివి, కాబట్టి ముఖ్యమైన చోట్లకు అంకెల గుర్తులు పెట్టి అవే పిలవండి. "ఎడమ" అంటే బాస్ ఎడమా, మన ఎడమా అన్నది మొదటి పుల్‌కి ముందే తేల్చుకోండి. కాల్ ఇచ్చేది ఒక్కరే, అదీ కాస్ట్ బార్ కనబడగానే. పేలబోయే క్షణంలో వచ్చే కాల్ వల్ల సరైన చోట ఉన్నవాళ్లు కూడా కదిలి చస్తారు.