గ్రంథాలయం పై అంతస్తు ఎవరిది?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద, గ్రంథాలయాల చోటును ప్రైవేటు సంస్థలకు ఇవ్వడం మీద ఉన్నాయి. మిగతా ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి వీటికే జవాబు రాస్తున్నాను. ముప్పై ఏళ్లు గ్రంథాలయాల్లోనే పనిచేసినదాన్ని, ఈ విషయం చదివాక పక్కన పెట్టలేకపోయాను.

ప్రశ్న: మాది చిన్న పట్టణం. ఇక్కడి శాఖా గ్రంథాలయానికి రెండంతస్తుల భవనం ఉంది. కింద పేపర్లు, పుస్తకాలు, పైన పెద్ద హాలు. ఆ హాలును ఐదేళ్లకు ఒక ప్రైవేటు కోచింగ్ సంస్థకు లీజుకు ఇస్తున్నారని తెలిసింది. లీజు మీద ఇంకా సంతకాలు కాలేదు. రిటైరైనవాళ్లం, గృహిణులం, కొందరు విద్యార్థులు కలిసి సంతకాలు పెట్టి అధికారులకు అర్జీ ఇచ్చాం. "పైన ఎవరూ రారు, ఖాళీగా పడి ఉంది, పిల్లల చదువుకే కదా ఇస్తున్నాం" అన్నారు. దానికి ఏం చెప్పాలో తోచలేదు. అభివృద్ధికి అడ్డుపడుతున్నారని కూడా అంటున్నారు. మేం చేస్తున్నది తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు కాదమ్మా. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరుస ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసమే వసూలు చేస్తారు. రెండు వేలు పన్ను కట్టే ఇల్లు 160 రూపాయలు దీనికిస్తుంది. లైబ్రరీ గడప తొక్కనివాళ్లు కూడా కడుతున్నారు. ఆ భవనం గురించి అడిగే హక్కు మీకు అక్కడే వచ్చింది, అర్జీ పెట్టినందుకు మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

ఇక "ఖాళీగా ఉంది" అన్న మాట. మీరు నోరు మెదపలేకపోయింది ఇక్కడే, నిజానికి ఎక్కువ మాట్లాడాల్సిందీ ఇక్కడే. హాలు దానంతటది ఖాళీ అవదు. ఫ్యాను పాడైతే బాగుచేయరు, సాయంత్రం ఐదు దాటితే లైటు వేసే మనిషి ఉండడు, లైబ్రేరియన్ రిటైరైతే ఆ పోస్టు భర్తీ చేయకుండా పక్క ఊరి లైబ్రేరియన్‌కు అదనపు బాధ్యత ఇస్తారు, ఆయన వారంలో మూడు రోజులే వస్తారు, కొత్త పుస్తకాలు రావు, మెట్ల దగ్గర తలుపుకి తాళం పడుతుంది. రెండేళ్లయ్యాక ఎవరో వచ్చి చూసి "ఎవరూ రావట్లేదు" అని ఫైల్లో రాస్తారు. తాళం వేసిన గదికి ఎవరొస్తారు? మీ హాలుకీ తాళం ఉంటే అది ఎప్పటి నుంచి ఉందో, ఎవరు వేయమంటే వేశారో ముందు అది అడగండి.

అడిగి ఊరుకోవద్దు, మీరే లెక్క తీయండి. రెండు వారాల పాటు పొద్దున్నుంచి మూసేదాకా ఏ గంటకు ఎంతమంది వచ్చారో, ఎంతమంది కూర్చోవడానికి కుర్చీ లేక వెనక్కి వెళ్లారో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. వచ్చినవాళ్లలో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్లు ఎందరో విడిగా రాయండి. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినవాళ్లెవరైనా చెబుతారు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుని రాత్రిదాకా కదలరు. గదికి అద్దె కట్టలేనివాళ్లకి, ఇంట్లో కూర్చుని చదివే వీలు లేనివాళ్లకి ఊళ్లో అలాంటి చోటు ఇంకోటి లేదు. "పిల్లల చదువుకే కదా" అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. కోచింగ్ సంస్థ హాలులోకి ఫీజు కట్టిన పిల్లలే వెళ్తారు, గ్రంథాలయం కిందే తెరిచి ఉంచితే అదే హాలులోకి ఫీజు కట్టలేని పిల్లలు కూడా వెళ్లొచ్చు. పై హాలును ఉచిత స్టడీ హాలుగా తెరవండి, టేబుళ్లు మేం చందాలు వేసుకుని ఇస్తాం అని మీరే ప్రతిపాదన పెట్టండి. వద్దు అన్న ఒక్క మాటతో వెళ్లిన అర్జీ కంటే, ఇలా చేద్దాం అంటూ వెళ్లిన అర్జీని పక్కన పడేయడం అధికారులకు కష్టం. ఒక్క జాగ్రత్త, ఆ సంస్థలో చదివే పిల్లల్ని గానీ వాళ్ల తల్లిదండ్రుల్ని గానీ ఒక్క మాట అనొద్దు, వాళ్లూ మన ఊరి పిల్లలే.

కాగితాల సంగతికి వస్తాను. సమాచార హక్కు చట్టం, 2005 కింద, శాఖా గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు. లీజు ప్రతిపాదన ఫైలు, గ్రంథాలయ సంస్థ చేసిన తీర్మానం, పైఅధికారులు ఇచ్చిన అనుమతి ఉంటే అది, అద్దె దేని ఆధారంగా లెక్కగట్టారు, బహిరంగ ప్రకటన ఇచ్చారా, ఇస్తే ఏ తేదీన ఏ పేపర్లో, ఇవన్నీ నకళ్లతో సహా అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చింది సరిగా లేకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. ప్రకటన గురించి ఎందుకు గట్టిగా అడగమంటున్నానంటే, ప్రజల ఆస్తిని ఎవరికీ తెలియకుండా, పోటీ లేకుండా, అడిగినవాళ్లకు ఇచ్చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2011లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక భూమి కేటాయింపు కేసులో స్పష్టంగా చెప్పి, ఆ కేటాయింపును రద్దు చేసింది.

కాగితం చేతికొచ్చాక అది లీజా, లైసెన్సా చూడండి. లీజంటే ఆ గడువు వరకు ఆస్తిని అనుభవించే హక్కు అవతలివాళ్లకి వెళ్తుంది. లైసెన్సంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే, ఆస్తిలో హక్కేమీ రాదు. పైన పేరు ఏం రాశారన్నది అంత ముఖ్యం కాదు, తాళం ఎవరి చేతిలో ఉంటుంది, గ్రంథాలయం వాళ్లు ఎప్పుడైనా లోపలికి వెళ్లొచ్చా అన్నది చదవండి. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే 11 నెలలకు అగ్రిమెంటు రాసుకుని దాన్నే పొడిగించుకుంటూ పోవడం అద్దె ఇళ్లల్లో అందరం చూసిన పద్ధతే, ఇక్కడా అది జరగొచ్చు. ఖాళీ చేయించడం ఎంత కష్టమో నాకు అనుభవం. నేను పనిచేసిన ఒక ఊళ్లో "రెండేళ్లకే, తాత్కాలికంగా" అని ఒక సంస్థకు వెనక గది ఇచ్చారు. మొదట గది, తర్వాత వరండా, తర్వాత ఆవరణంతా వాళ్ల బైకులు. పేపరు చదవడానికి కర్ర పట్టుకుని వచ్చే పెద్దాయన ఒకరు ఆ బైకుల మధ్య నుంచి రాలేక మానేశారు. గడువు అయిపోయాక పొమ్మంటే కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. నేను బదిలీ అయ్యే నాటికి కూడా ఆ గది తిరిగి రాలేదు.

మీ దగ్గర లీజు మీద ఇంకా సంతకాలు కాలేదంటున్నారు కాబట్టి సమయం ఉంది. ఊళ్లో అందరూ కలిసి నిలబడితే ఫలితం ఉంటుందనడానికి చెన్నై ఉదాహరణ చాలు. కోట్టూరుపురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయం 2010లో తెరిచారు. 2011 నవంబరులో అప్పటి తమిళనాడు ప్రభుత్వం దాన్ని వేరేచోటికి తరలించి ఆ భవనాన్ని పిల్లల ఆసుపత్రి చేస్తామని ప్రకటించింది. పిల్లల ఆసుపత్రి వద్దని ఎవరంటారు? పాఠకులు, రచయితలు అన్నది ఒక్కటే, ఆసుపత్రికి ఇంకో చోటు చూడండి, దీన్ని కదపొద్దు అని. మద్రాసు హైకోర్టు తరలింపును ఆపింది. తర్వాత అక్కడి ఆడిటోరియాన్ని పెళ్లి వేడుకకు ఇచ్చినప్పుడు అదీ కుదరదని చెప్పింది. ఆ గ్రంథాలయం ఇవాళ్టికీ అక్కడే నడుస్తోంది.

ప్రశ్న: మా లైబ్రరీకి పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేవు. అద్దె వస్తే ఆ డబ్బుతో కొనొచ్చు కదా? లీజును వ్యతిరేకించేవాళ్లు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో చెప్పరు.
– ఒక పాఠకుడు

జవాబు: న్యాయమైన ప్రశ్న, కాబట్టి సూటిగానే చెబుతాను. డబ్బు ఇప్పటికే వసూలవుతోంది. సెస్సు జనం నుంచి వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. వాళ్లు దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అది ఏళ్ల తరబడి బకాయిగా ఉండిపోతోంది, ఇది రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బే. మీ ఊరి మున్సిపాలిటీ గత ఐదేళ్లలో ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్న రెండు అంకెలు తెప్పించి, వస్తుందంటున్న అద్దె పక్కన పెట్టి చూడండి. బకాయి పెద్దదైతే మనందరం కలిసి అడగాల్సింది ఆ బకాయిని, అందుకోసం హాలు ఇచ్చేయక్కర్లేదు.

అద్దె అన్న మాటే పాపమని నేననను. రోడ్డు వైపు ఖాళీ స్థలంలో కొట్లు కట్టి అద్దెకిచ్చిన గ్రంథాలయాలు ఉన్నాయి, చదివేవాళ్ల చోటు తగ్గనంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఆదివారం పూట హాలును పుస్తకావిష్కరణకో, పిల్లల పోటీలకో ఒక రోజు ఇచ్చి కొంత తీసుకోవడం వేరు. చదువుకునే గదినే ఐదేళ్లపాటు ఒక వ్యాపారానికి ఇచ్చి, ఆ డబ్బుతో పుస్తకాలు కొంటామనడం వేరు. కొన్న పుస్తకం ఎక్కడ కూర్చుని చదవాలండీ?

ప్రశ్న: నేను గ్రంథాలయంలో చిన్న ఉద్యోగిని. మా హాలు లీజుకు ఇవ్వొద్దని ఊరివాళ్లు అర్జీ పెడుతున్నారు. మనసు ప్రజలవైపే ఉంది. కానీ పైనుంచి ఒత్తిడి. నేనేం చేయగలను?
– పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: అర్జీ మీద సంతకం పెట్టకు బాబూ, ఉద్యోగ నిబంధనలు నీకు అడ్డం వస్తాయి, ఊరివాళ్లు అర్థం చేసుకుంటారు. నీ చేతిలో ఉన్నది రిజిస్టరు. రోజూ వచ్చినవాళ్ల చేత సంతకం చేయించు, పాఠకులు అడిగి దొరకని పుస్తకాల పేర్లు రాసి పెట్టు, ఫ్యాను గురించీ తాళం గురించీ నువ్వు పైవాళ్లకి రాసిన లేఖల కాపీలు దాచు. సమాచార హక్కు కింద అడిగిన రోజున బయటికొచ్చేది ఈ కాగితాలే. తక్కువ వేసి రాయమని ఎవరైనా చెబితే మాత్రం రాయకు, అంతకు మించి నిన్నెవరూ అడగరు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయ స్థలం మా తాతగారు 1950ల్లో దానంగా ఇచ్చారు. ఇప్పుడు అందులో సగం ప్రైవేటు స్కూలుకి ఇస్తారట. స్థలం వెనక్కి తీసుకుంటామని నోటీసు ఇద్దామని అన్నయ్య అంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మీ బాధ నాకు తెలుస్తోంది, కానీ వెనక్కి తీసుకుంటామన్న మరుక్షణం ఇది ఊరి గొడవ కాకుండా మీ కుటుంబం ఆస్తి గొడవ అయిపోతుంది, ఇప్పటిదాకా మీ వెంట ఉన్నవాళ్లు కూడా దూరం జరుగుతారు. పైగా ఒకసారి ఇచ్చిన దానాన్ని రద్దు చేయడం చట్టప్రకారం అంత తేలిక కాదు.

మీ తాతగారి కాలంలో స్థలం ఇచ్చినవాళ్ల వెనక పెద్ద ఉద్యమమే ఉంది. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వెంకట రమణయ్య గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం ఉండాలని జీవితమంతా తిరిగారు, 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం ఇవాళ్టికీ ఉంది. ఆ తరంవాళ్లు దస్తావేజుల్లో "గ్రంథాలయ నిమిత్తం మాత్రమే" అని రాయించిన సందర్భాలు చాలా ఉంటాయి. మీకు కావాల్సింది ఆ వాక్యం. స్థలం మాకు ఇవ్వండి అనకండి, దేనికోసం ఇచ్చారో దానికే వాడండి అనండి, ఊరు మీ వెంట వస్తుంది.

ఇంట్లో పాత కాగితం లేకపోతే కంగారుపడకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాతగారి పేరు, ఊరి పేరు, సర్వే నంబరు, సుమారుగా ఏ సంవత్సరమో చెప్పి వెతికిస్తే ధ్రువీకరించిన నకలు ఇస్తారు. దొరికాక ఆ షరతు ఉన్న పేజీని జిరాక్స్ తీసి కలెక్టరు గారికి, గ్రంథాలయ సంస్థకు, స్కూలు యాజమాన్యానికి కూడా స్పీడ్ పోస్టులో పంపండి, రసీదులు జాగ్రత్త. అందులో షరతు లేకపోయినా నాకు ఒక ఉత్తరం రాయండి, అప్పుడేం చేయాలో మళ్లీ చెబుతాను.