గోడకు ఎనిమిది బ్యాక్‌గ్లాసులు, బ్యాంకులో 40 రోజుల ఖర్చు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. అమెరికాలో హెచ్‌-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్యది హెచ్‌-4, ఉద్యోగం చేయడం లేదు. ఇద్దరు పిల్లలు. మార్ట్‌గేజ్‌తో కలిపి నెల ఖర్చు 6,800 డాలర్లు, సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి. బేస్‌మెంట్‌లో హోమ్ బార్ కోసం హెలాక్ (ఇంటి మీద బ్యాంకు ఇచ్చే అప్పు లైన్) నుంచి 34,000 తీశాను, వడ్డీ 8.5 శాతం. ఇప్పుడు బార్ వెనక గోడకు 1960, 70ల నాటి పిన్‌బాల్ బ్యాక్‌గ్లాసులు పెట్టాలని ఉంది, మెషీన్ తలభాగంలో నిలువుగా ఉండే బొమ్మల గాజులవి. ఎనిమిదింటి సెట్టు 4,800కి మాట్లాడి 500 అడ్వాన్స్ ఇచ్చాను. ఫ్రేములు, వెనక ఎల్‌ఈడీ లైట్లు, ఎలక్ట్రీషియన్ కలిపి ఇంకో 5,200. సెట్టుకు హెలాక్, మిగతా పనికి స్టోర్ కార్డులో ‘12 నెలలు వడ్డీ లేదు’ ఆఫర్ వాడదామనుకుంటున్నాను. పాత వస్తువులు కాబట్టి రేటు పెరుగుతుంది కదా? ఎమర్జెన్సీకి హెలాక్‌లో ఇంకా 40,000 లిమిట్ ఉంది.

జవాబు: మీ ఆఖరి వాక్యం చూసే ఈ ప్రశ్న తీసుకున్నాను. ‘ఎమర్జెన్సీకి లిమిట్ ఉంది’ అని నాకు ఎంతమంది రాస్తారో లెక్కలేదు. లిమిట్ అంటే ఇంకా చేయని అప్పు. దాన్ని ఆస్తి వైపు రాసుకుంటున్నారు, అక్కడే తేడా కొడుతోంది.

మీ అంకెలే చూడండి. 9,000ని 6,800తో భాగిస్తే దాదాపు 40 రోజులు. హెచ్‌-1బి మీద ఉద్యోగం పోతే మీకున్న గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు) అంతకు ముందే ముగిస్తే ఇంకా తక్కువ. అంటే ప్రభుత్వం ఇచ్చిన గడువు కంటే మూడు వారాల ముందే మీ డబ్బు అయిపోతుంది. పైగా ఆ రోజుల్లో ఖర్చు 6,800 దగ్గర ఆగదు. కంపెనీ కడుతున్న హెల్త్ ఇన్సూరెన్స్ వాటా కూడా మీ మీదే పడుతుంది. కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే కొనసాగే పద్ధతి) తీసుకుంటే మొత్తం ప్రీమియం, దాని మీద 2 శాతం వరకు అడ్మిన్ ఖర్చు మీరే కట్టాలి. లాయర్ ఫీజు, విమానం టికెట్లు వేరే.

అప్పుడు హెలాక్ తీస్తానంటారు. బ్యాంకుకి మీ ఆదాయం ఆగిపోయిందని తెలిసినా, మీ ఇంటి విలువ బాగా తగ్గినా లైన్ ఆపేసే హక్కు దానికుంది. 2008 సంక్షోభంలో చాలామందికి ఇలాగే జరిగింది. వాయిదా ఒక్కటీ తప్పని వాళ్లకు కూడా ఉత్తరాలు వచ్చాయి. లేఆఫ్‌లు ఎక్కువయ్యే రోజులు, బ్యాంకులు చేతులు ముడుచుకునే రోజులు ఒకేసారి వస్తాయి. ఒకవేళ ఆపలేదే అనుకుందాం. ఉద్యోగం లేనప్పుడు ఇంటి మీద ఇంకా అప్పు తీయడం మీకు టెన్షన్‌గా అనిపించదా?

ఇప్పటికే తీసిన 34,000కి వడ్డీయే నెలకు దాదాపు 240 డాలర్లు. అసలు తీర్చడం వేరే. అప్పు చేసి పప్పు కూడు అంటారు, పప్పు కూడుతో కడుపైనా నిండుతుంది. మీరు ఇల్లు తాకట్టు పెట్టి గోడకు బొమ్మలు కొంటున్నారు. కోపం వచ్చినా సరే, ఈ మాట ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

‘12 నెలలు వడ్డీ లేదు’ కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదివారా? స్టోర్ కార్డుల్లో ఎక్కువ భాగం డిఫర్డ్ ఇంటరెస్ట్. పన్నెండో నెల ముగిసేసరికి వంద డాలర్లు మిగిలినా, మొదటి రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ అంతా ఒక్కసారి మీ మీద పడుతుంది.

రేటు పెరుగుతుందా అన్నారు. బ్యాక్‌గ్లాసుల సరదా నాకు తెలుసు. షికాగోలో గాట్లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీలు చేసిన ఆ మెషీన్లలో రాయ్ పార్కర్ బొమ్మలు, క్రిస్టియన్ మార్ష్ గీసిన కోణాల మనుషులు ఎవరికైనా నచ్చుతారు. కానీ అది ఎలా తయారైందో చూడండి. బొమ్మను గాజు వెనక వైపున తిరగేసి, రంగు తర్వాత రంగు స్క్రీన్ ప్రింట్ చేశారు. వెనక బల్బులు ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, ఆ వేడికి గాజు ఒక తీరున, రంగు ఒక తీరున సాగి పెచ్చులు లేస్తాయి. తేమ తగిలితే ఇంకా త్వరగా. ఒక మిత్రుడి ఇంట్లో నా కళ్ల ముందే జరిగింది. పార్టీకి ముందు తడిగుడ్డతో గాజు వెనక ఒక్కసారి తుడిచాడు. బొమ్మలో అమ్మాయి బుగ్గ, చెవి, సగం జుట్టు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. ముఖం ఉండాల్సిన చోట అవతలి గోడ కనిపించింది. రేటు పెరగాలంటే ముందు బొమ్మ మిగలాలి కదా. మీరు దాన్ని పెడుతున్నది బేస్‌మెంట్‌లో, సింకు పక్కన.

లాభానికే అమ్మారనుకోండి, ఏడాది దాటాక అమ్మినా కలెక్టిబుల్స్ మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది. మీ సరదాకి గోడకు పెట్టుకున్న వస్తువు మీద నష్టం వస్తే పన్నులో చూపించుకోలేరు.

ఇక ఇన్సూరెన్స్. హోమ్ ఓనర్స్ పాలసీ ఉంది కదా అనుకుంటారు. మామూలు పాలసీలో ఇంట్లోని వస్తువులకు కవర్ ఉండేది నిప్పు, దొంగతనం లాంటి పేరు పెట్టి రాసిన ప్రమాదాలకే. మేకు ఊడి గాజు కింద పడితే రూపాయి రాదు. విడిగా షెడ్యూల్ చేయించినా (ఆ వస్తువు పేరు, విలువ పాలసీలో రాయించినా), పెళుసు వస్తువు పగిలితే కవర్ ఉందో లేదో రాతపూర్వకంగా అడగాలి. వరద నీళ్ల నష్టం మామూలు హోమ్ ఓనర్స్ పాలసీలో రాదు.

అయినా నా బాధ గాజు ఇన్సూరెన్స్ గురించి కాదు, మీ గురించి. ఉత్తరంలో మీ లైఫ్ ఇన్సూరెన్స్ ఊసే లేదు. ఉంటే కంపెనీ ఇచ్చిన గ్రూప్ కవర్ ఉండుంటుంది, అది ఉద్యోగంతో పాటే పోతుంది. సంపాదించేది మీరొక్కరే. సొంతంగా టర్మ్ పాలసీ, కనీసం మార్ట్‌గేజ్, హెలాక్, పిల్లలు పెద్దయ్యేదాకా ఖర్చు కలిపినంత, ఈ నెలలోనే అప్లై చేయండి. దాంతో పాటే లాంగ్ టర్మ్ డిజేబిలిటీ కవర్ కూడా. ఇవి రెండూ పాలసీ చేతికొచ్చేదాకా బార్ పనికి ఒక్క డాలర్ కూడా తీయకండి.

డబ్బు వరస ఇదీ. మామూలుగా ఆరు నెలల ఖర్చు దాచమంటాను. వీసా మీద, ఒక్క జీతంతో ఉన్నారు కాబట్టి మీకు ఎనిమిది నెలలు, అంటే 54,400. ఒక్కసారిగా కుదరదని తెలుసు. ముందు 60 రోజులకు సరిపడా 13,600 చేయండి. దానికి మీకు తక్కువైంది 4,600. సెట్టు ధర 4,800. జీతం ఎంతో రాయలేదు, ఎంతైనా సరే, బోనస్ మొత్తం ఇటే రావాలి. 401(కె) రిటైర్మెంట్ ఖాతా నుంచి అప్పు తీద్దామా అనే ఆలోచన ఉంటే మానుకోండి. ఉద్యోగం పోతే ఆ బాకీ కూడా మెడకు చుట్టుకుంటుంది. హెలాక్‌ను ఫిక్స్‌డ్ రేటుకు మార్చడం, ముందే తీర్చేయడం గురించి ఈ ఫండ్ నిండాక మాట్లాడదాం.

500 అడ్వాన్స్ పోతుందని సెట్టు మొత్తం కొనకండి. అమ్మే ఆయనకు ఫోన్ చేసి, ఆ 500కి మీకు నచ్చిన ఒక్క బ్యాక్‌గ్లాస్ ఇస్తారేమో అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఇస్తే తీసుకునేముందు వెనక నుంచి ఫోన్ లైటు వేసి చూడండి, సూదిమొనల్లా వెలుగు చుక్కలు కనిపిస్తే రంగు రాలుతున్నట్టే. మూడు మిల్లీమీటర్ల గాజు రెండడుగుల పైచిలుకు చదరంగా ఉంటే దాదాపు మూడు కిలోలు తూగుతుంది, ఫ్రేము బరువు అదనం. డ్రైవాల్‌ను నమ్మి వేలాడదీయకండి. అక్కడ సాధారణంగా 16 అంగుళాలకొకటి గోడ లోపల నిలువుగా ఉండే స్టడ్‌లు వెతికి, రెండింటికీ కలిపి క్లీట్ (ఫ్రేము తగిలించే పట్టీ) బిగించండి. సింకుకు దూరంగా ఉన్న గోడ చూసుకోండి. ప్రస్తుతానికి లైటు అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌కు రావద్దని ఇవాళే మెసేజ్ పెట్టండి.