జిరాక్స్ రాకముందు చేతిరాతకు నకళ్లు ఎలా తీసేవారు?

జిరాక్స్ లేని రోజుల్లో చేత్తో రాసిన కాగితానికి వందల కొద్దీ నకళ్లు ఎలా తీసేవారని అడిగారు. చేతులు నల్లగా చేసుకుని తీసినవాణ్ని కాబట్టి చెబుతాను.

1984లో ఒక పల్లెటూరి హైస్కూల్లో గుమాస్తాగా చేరాను. తెలుగు టైపు మిషన్ లేదు. పరీక్ష పేపర్లన్నీ మైనం పూత ఉన్న స్టెన్సిల్ కాగితం మీద ఉక్కు మొన కలంతో రాయాలి. మొన నడిచిన చోట పూత తొలగిపోతుంది. దాన్ని సైక్లోస్టైల్ మిషన్‌కు తగిలించి పిడి తిప్పితే, ఆ గీతల్లోంచి సిరా కాగితం మీదికి దిగుతుంది.

తాటాకు చిరగకూడదనే మన అక్షరాలు గుండ్రంగా మారాయంటారు. స్టెన్సిల్ దగ్గర ఆ గుండ్రమే కొంప ముంచేది. సున్నా చుడుతూ కాస్త గట్టిగా నొక్కామా, మధ్య ముక్క ఊడివచ్చేది. నా మొదటి లెక్కల పేపర్లో సున్నాలన్నీ మిరియపు గింజల్లా పడ్డాయి. "లెక్కల పేపరు అడిగితే పోపుల డబ్బా తెచ్చావేమయ్యా!" అన్నారు హెడ్మాస్టరు గారు. ఆ తర్వాత సున్నాను పూర్తిగా మూయకుండా వెంట్రుకవాసి ఖాళీ వదలడం నేర్చుకున్నాను. తప్పు దొర్లితే గోళ్ల రంగు వాసన కొట్టే ద్రవం పూసి, ఆరాక మళ్లీ రాసేవాణ్ని.

గీతకు బదులు చుక్కలు పొడిస్తే ఈ బాధ తక్కువ, ఎందుకంటే చుక్కకూ చుక్కకూ మధ్య కాగితం నిలిచే ఉంటుంది. ఎడిసన్ 1876లో పేటెంటు పొందిన విద్యుత్ కలం చేసింది అదే. తలపైన బుల్లి మోటారు, కింద టకటకలాడే సూది. పక్కన బ్యాటరీ ఉంటేనే పని. హంగేరీ నుంచి లండన్ చేరిన డేవిడ్ గెస్టెట్నర్ 1881లో బ్యాటరీ జోలికి పోకుండా, కలం మొనకు చిన్న పళ్ల చక్రం బిగించాడు. సైక్లోస్టైల్ పేరు ఆ చక్రానిదే. నా దృష్టిలో అసలు తెలివి ఇదే.

వీటికి ముందు 1780లో జేమ్స్ వాట్ పేటెంటు తీసుకున్న పద్ధతి వేరు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరానికి తడిపిన పల్చటి కాగితం ఆనించి అదమడమే. అక్షరాలు తిరగబడి అంటుకుంటాయి, కాగితం పల్చన కాబట్టి వెనకనుంచి చదువుకోవచ్చు. అయితే ఉన్న కాస్త సిరానే పంచుకోవాలి కదా, నకళ్లు ఒకటో రెండో, అంతే. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జెఫర్సన్ వాడిన పాలీగ్రాఫ్ అనే యంత్రంలో ఒక కలంతో రాస్తుంటే దానికి జతచేసిన రెండో కలం పక్క కాగితం మీద అదే రాసేది. ముచ్చటగా ఉంటుంది కానీ, అరవైమంది పిల్లల తరగతికి ఏం సరిపోతుంది?

ఇప్పటికీ నా సున్నాలు పూర్తిగా మూసుకోవు. మా మనవరాలు వాటిని ఇంగ్లిష్ 'సి' అని చదువుతుంది.