మా కబడ్డీ సంఘానికి రావాల్సిన గ్రాంటు ఆపేశారు. ఎవరికి అప్పీలు చేసుకోవాలి?

కలెక్టరుకు పెట్టుకోమని అందరూ చెబుతారు. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థకు ఛైర్మన్ ఆయనే కాబట్టి ఆ మాట తప్పేం కాదు. కానీ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ చివరికి చేరేది మీ ఫైలు ఆపిన టేబుల్ మీదకే. ‘పరిశీలించగలరు’ అని పైవాళ్లు కిందికి రాస్తారు, ‘పరిశీలించాం’ అని కిందివాళ్లు పైకి రాస్తారు. అర్జీ పరిష్కారమైందని మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది.

నేను పొదిలి వైపు ఒక వాలీబాల్ సంఘానికి కార్యదర్శిగా చేశాను. ఒక ఏడాది గ్రాంటు రాలేదు. అడిగితే బడ్జెట్ లేదన్నారు. పక్క సంఘానికి మాత్రం ఎలా వచ్చిందో మరి! సమాచార హక్కు కింద ఫైలు నకళ్లు అడిగాను. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలే. వచ్చిన కాగితాల్లో ఒకటే ముక్క: ‘గత సంవత్సరం యూసీ అందలేదు.’ యూసీ అంటే, ఇచ్చిన గ్రాంటు దేనికి ఖర్చు పెట్టామో చూపే వినియోగ ధ్రువపత్రం.

ఒళ్లు మండిపోయింది. బస్సు బాడుగ నుంచి అరటిపండ్ల దాకా బిల్లులు జతచేసి, ఆడిటర్ సంతకంతో నేనే ఇచ్చిన యూసీ అది. నా నకలు మీద వాళ్ల ముద్ర కూడా ఉంది. తీసుకెళ్లి సీనియర్ అసిస్టెంట్ ముందు పెడితే, “ఇది మా ముద్ర కాదండీ” అన్నాడు. అక్షరాలు సగం పడలేదు, నిజమే. కానీ పక్కనే పెన్నుతో వేసిన నంబరుంది కదా! ఇన్‌వార్డ్ రిజిస్టర్ తీయమని అక్కడే కూర్చున్నాను. నంబరు సరిపోయింది. ఇక తప్పక బీరువా తెరిచారు. మా యూసీ ఖోఖో వాళ్ల ఫైలు వెనక ట్యాగు కట్టి ఉంది. దుమ్ము దులుపుతూ, “ఇక్కడే ఉందే, ముందే చెప్పాల్సింది సార్” అన్నాడాయన.

అందుకే అంటున్నాను, ఎందుకు ఆపారో కాగితం మీద తీసుకోకుండా అప్పీలు రాయొద్దు. సమాచార హక్కు అర్జీకి 30 రోజుల్లో జవాబు రాకపోతే అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. అక్కడా తేలకపోతే సమాచార కమిషన్ ఉంది.

2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది, ట్రిబ్యునల్ పెడతారు, ఇక అన్యాయం ఉండదు అని కొందరు సంబరపడుతున్నారు. పెద్ద సమాఖ్యల కొట్లాటలకు అది పనికొస్తుందేమో. మన పిల్లలకు నెట్టు కొనడానికి ఢిల్లీ దాకా ఎందుకండీ? క్రీడలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవి. మన గోడు జిల్లాలోనో, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ అయిన శాప్‌లోనో తేలాలి.

ఇంకో బాధ. ఎడ్ల పందేలంటే దాతలు క్యూ కడతారు. వాలీబాల్ టోర్నమెంటంటే ఫ్లెక్సీలో ఫొటో పెద్దదిగా వేస్తేనే వెయ్యి రూపాయలు చేతిలో పెడతారు. అందులో సగం వాళ్ల శాలువాలకే సరి.

మా డబ్బు చివరికి వచ్చింది, సీజన్ అయిపోయాక. బంతులు కొని స్కూలు బీరువాలో పెట్టాం. వాటి యూసీ ఇచ్చినప్పుడు, ముద్రలో ప్రతి అక్షరం పడేదాకా మళ్లీ మళ్లీ కొట్టించుకున్నాను. ఆ అసిస్టెంట్ ఇప్పటికీ నన్ను చూస్తే పలకరించడు.